విశాఖ నుంచి డల్లాస్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

ఆదివారం రాత్రి 9:30కి విశాఖలో బయలుదేరి, సోమవారం సాయంత్రం 4:15కి డల్లాస్‌లో దిగుతారని టికెట్ మీద ఉంటుంది. వేళ్ల మీద లెక్కేస్తే 18 గంటల 45 నిమిషాలు వస్తుంది. నిజంగా పట్టేది 29 గంటల పైనే. పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తల్లిదండ్రులకు ఈ పది గంటల తేడా చిన్న విషయం కాదు. బీపీ, షుగరు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, చేతిసంచిలో ఎన్ని పెట్టుకోవాలి, అక్కడ ఎవరు ఎన్నింటికి కారు తీసుకుని రావాలి, ఇక్కడున్నవాళ్లు ఎప్పుడు ఫోన్ కోసం ఎదురుచూడాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

దూరం సంగతీ అంతే. ఒకచోట 14,400 కి.మీ. అని కనిపిస్తుంది, ఇంకోచోట 16,000 పైన. రెండూ తప్పు కాదు. మొదటిది భూమి మీద రెండు ఊళ్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారి, రెండోది విమానాలు మారుతూ వెళ్లే దారి. వీటిని విడివిడిగా లెక్కగట్టడం ఇంటర్మీడియట్ లెక్కలు గుర్తున్న ఎవరికైనా అరగంట పని. కింద విశాఖ–డల్లాస్ దారినే మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాం. మీ ఊరు చికాగో అయినా మెల్‌బోర్న్ అయినా అంకెలు మార్చుకుంటే చాలు.

1. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, విమానాశ్రయం రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రెండు దశాంశాల వరకు తీసుకుంటే సరిపోతుంది, తప్పు కిలోమీటరు లోపే ఉంటుంది.

విశాఖపట్నం: 17.72 ఉత్తరం, 83.22 తూర్పు
డల్లాస్ ఫోర్ట్‌వర్త్: 32.90 ఉత్తరం, 97.04 పడమర
హైదరాబాద్ శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు
దోహా: 25.27 ఉత్తరం, 51.61 తూర్పు
సింగపూర్ చాంగి: 1.36 ఉత్తరం, 103.99 తూర్పు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాత అట్లాసుల్లో, పాఠ్యపుస్తకాల్లో విశాఖ అక్షాంశం 17 డిగ్రీల 43 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని 17.43 అని రాస్తే తప్పు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 43ని 60తో భాగించాలి, 0.72 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతోనే విశాఖ 32 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు పడమర రేఖాంశానికి మైనస్ గుర్తు మరిచిపోవడం. డల్లాస్ రేఖాంశం మైనస్ 97.04. మైనస్ లేకుండా లెక్కిస్తే దూరం 2,181 కి.మీ. అని వస్తుంది. అది చైనాలోని పీఠభూమి మీద పడుతుంది. జవాబు నమ్మలేనంత తక్కువగా వస్తే ముందు ఈ గుర్తునే చూసుకోండి.

భోగాపురం అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నుంచి బయలుదేరే టికెట్ అయితే అక్కడి అంకెలు తీసుకోండి. డల్లాస్ దూరంలో వచ్చే తేడా ముప్పై కి.మీ.కి అటూ ఇటూ, విమానానికి అది రెండు నిమిషాల పని. ఇంటి నుంచి విమానాశ్రయానికి వెళ్లే సమయం మాత్రం బాగా మారుతుంది. దాని గురించి చివర్లో చెప్తాం.

2. గ్లోబు మీద దారం పెట్టి చూడండి

ఈ అడుగు దాటేసినా జవాబు వస్తుంది. అయినా దాటేయొద్దు. గోడమీది ప్రపంచ పటంలో విశాఖ నుంచి డల్లాస్‌కు గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరగా పోతుంది. ఆ పటం గుండ్రటి భూమిని సాగదీసి పరిచింది కాబట్టి ఆ గీత దగ్గరి దారి కాదు. స్కూల్లో వాడే గ్లోబు తీసుకుని విశాఖ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొసను డల్లాస్ దగ్గర బిగించి లాగండి. దారం దానంతటదే ఉత్తరానికి జరిగి, సరిగ్గా ఉత్తర ధ్రువం మీద నిలబడుతుంది.

కారణం రేఖాంశాల్లో ఉంది. విశాఖ 83.22 తూర్పు, డల్లాస్ 97.04 పడమర. రెండూ కలిపితే 180.26. అంటే ఈ రెండు ఊళ్లూ భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అలాంటప్పుడు దగ్గరి దారి నేరుగా ధ్రువం మీదుగా పోవాల్సిందే. విశాఖలో ఉత్తరానికి తిరిగి బయలుదేరితే దాదాపు కాశీ మీదుగా, నేపాల్, టిబెట్ దాటి, సైబీరియాలోని నోవోసిబిర్స్క్ పక్కగా ధ్రువం చేరుకుని, అవతలి వైపు కెనడాలోని విన్నిపెగ్ పక్క నుంచి, ఓక్లహోమా మీదుగా డల్లాస్‌లోకి దిగుతారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికా ఊళ్లలో ఇంత సూటిగా విశాఖకు ఎదురు రేఖాంశం మీద ఉన్నది ఇదొక్కటే అనిపిస్తుంది.

దారం పొడవు కూడా కొలవండి. అడ్డుకొలత 30 సెం.మీ. ఉన్న గ్లోబు చుట్టుకొలత 94 సెం.మీ. పైచిలుకు, భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ. కాబట్టి ఒక సెంటీమీటరు 425 కి.మీ. అవుతుంది. డల్లాస్ దారం 34 సెం.మీ.కి కొంచెం తక్కువ ఉంటుంది. రాబోయే లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

3. సూటి దూరం లెక్కగట్టండి

డల్లాస్‌కు సూత్రం కూడా అక్కర్లేదు. దారి ధ్రువం మీదుగా పోతుంది కాబట్టి విశాఖ నుంచి ధ్రువానికి 90 − 17.72 = 72.28 డిగ్రీలు, ధ్రువం నుంచి డల్లాస్‌కు 90 − 32.90 = 57.10 డిగ్రీలు. మొత్తం 129.38. భూమి మీద ఒక డిగ్రీ 111.2 కి.మీ. కాబట్టి 129.38 × 111.2 = 14,387 కి.మీ. మైళ్లలో 8,940.

మిగతా ఊళ్లకు ఈ సూత్రం వాడాలి:

కాస్(కోణం) = సైన్(మొదటి అక్షాంశం) × సైన్(రెండో అక్షాంశం) + కాస్(మొదటి అక్షాంశం) × కాస్(రెండో అక్షాంశం) × కాస్(రేఖాంశాల తేడా)

సింగపూర్‌కు చేసి చూద్దాం. రేఖాంశాల తేడా 103.99 − 83.22 = 20.77. మొదటి భాగం 0.3044 × 0.0237 = 0.0072. రెండో భాగం 0.9526 × 0.9997 × 0.9350 = 0.8904. కలిపితే 0.8976. దీనికి విలోమ కాస్ తీసుకుంటే కోణం 26.15 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 2,908 కి.మీ.

ఫోన్‌లోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైన్, కాస్ మీటలు కనిపిస్తాయి. అది డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూడండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి, మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు. ఎక్సెల్‌లో చేసేవాళ్లు డిగ్రీలను రేడియన్లుగా మార్చే ఫంక్షన్ ప్రతి అంకెకూ పెట్టాలి. ఎక్సెల్‌కు డిగ్రీలు తెలియవు. అక్కడ చివర వచ్చే కోణం కూడా రేడియన్లలోనే ఉంటుంది కాబట్టి దాన్ని 111.2తో కాకుండా భూమి వ్యాసార్థం 6,371తో గుణించాలి.

భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుని ఉంటుంది. ఈ లెక్క దాన్ని గుండ్రటి బంతిగా తీసుకుంటుంది కాబట్టి వెబ్‌సైట్ల అంకెకూ మీ అంకెకూ కొద్ది తేడా రావచ్చు. డల్లాస్ విషయంలో అది 20 కి.మీ. లోపే. 14,387 వచ్చిందా, 14,403 వచ్చిందా అని మథనపడాల్సిన పని లేదు.

యూనిట్లు మాత్రం గమనించండి. మైలంటే 1.609 కి.మీ., నాటికల్ మైలంటే 1.852 కి.మీ. పైలట్లు, విమాన పటాలు నాటికల్ మైళ్లలో మాట్లాడతాయి. సీటు ముందున్న తెరమీద మైళ్లు కనిపించవచ్చు, కిలోమీటర్లూ కనిపించవచ్చు. 14,387 కి.మీ. దూరమే 8,940 మైళ్లు, 7,768 నాటికల్ మైళ్లు అవుతుంది. మూడు వెబ్‌సైట్లలో మూడు అంకెలు కనిపించినప్పుడు చాలాసార్లు కారణం ఇదే.

4. అసలు దారి దూరం కలపండి

విశాఖ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. దూరం ఎక్కువై కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైన ఉన్న దారిలో ఎయిర్‌బస్ ఏ350 విమానాలు ఆగకుండా తిరుగుతున్నాయి. రోజూ మూడొందల సీట్లు నిండేంతమంది ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి వెళ్లాలి, అదీ ఇబ్బంది. పైగా ధ్రువం మీదుగా పోవాలంటే రష్యా గగనతలం కావాలి, దారిలో అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు కావాలి, రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే ఉష్ణోగ్రతకు చేరకుండా కాచుకోవాలి. అమెరికాలో ఎక్కువగా వాడే జెట్ ఏ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, మన దగ్గర వాడే జెట్ ఏ1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి.

కాబట్టి ముక్కలు కలుపుకోవాలి. హైదరాబాద్, దోహా మీదుగా వెళ్తే:

విశాఖ–హైదరాబాద్: 511 కి.మీ.
హైదరాబాద్–దోహా: 2,913 కి.మీ.
దోహా–డల్లాస్: 12,745 కి.మీ.
మొత్తం: 16,169 కి.మీ.

సూటి దారికన్నా దాదాపు 1,780 కి.మీ. ఎక్కువ, అంటే నూటికి పన్నెండు. ఢిల్లీ మీదుగానో, దుబాయ్ మీదుగానో, ఐరోపా మీదుగానో వెళ్లే టికెట్లను పోల్చేటప్పుడు ఇలాగే ప్రతి ముక్కకూ సూత్రం పెట్టి కూడండి. విశాఖ–ఢిల్లీ 1,357 కి.మీ. అని గుర్తుంచుకుంటే పని తగ్గుతుంది.

ఈ అంకెలు కూడా కనీస దూరాలే. విమానం ఆకాశంలో గీసిన దారుల వెంట, మూసిన గగనతలాలను తప్పించుకుంటూ, తుఫాను మేఘాల పక్క నుంచి పోతుంది. పొడవాటి ప్రయాణాలకు నూటికి 3 నుంచి 5 కలుపుకోవడం మంచి అలవాటు. గగనతలాలు మూసినప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా పాకిస్తాన్ గగనతలం మూసి ఉంది. 2025 ఏప్రిల్ 24న భారత విమానాలకు మళ్లీ మూసేసి, నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు. అందుకే ఒకే రెండు ఊళ్ల మధ్య వేర్వేరు సంస్థలకు వేర్వేరు సమయాలు పడుతుంటాయి. ఢిల్లీ మీదుగా పడమరకు వెళ్లే టికెట్ కొనేవాళ్లు పాత టైంటేబుల్ నమ్మకుండా ఆ నెలది చూసుకోవాలి.

5. దూరాన్ని గంటల్లోకి మార్చండి

మార్గమధ్యంలో విమానం వేగం రకాన్ని బట్టి ఉంటుంది. దూర ప్రయాణాలకు వాడే బోయింగ్ 777, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి గంటకు 900 కి.మీ. వేగంతో పోతాయి. విశాఖ–హైదరాబాద్ మధ్య తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రకం 830 కి.మీ. చిన్న ఏటీఆర్ విమానం 500. దూరాన్ని దీనితో భాగించి, ఒక్కో విమానానికి 40 నిమిషాలు కలపండి. విమానం గేటు నుంచి రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, వేగం తగ్గించి దిగడం, గేటు దాకా రావడం ఇందులో వస్తాయి.

విశాఖ–హైదరాబాద్: 511 ÷ 830 అంటే 37 నిమిషాలు, 40 కలిపితే గంటా పదిహేను. టైంటేబుల్‌లోనూ అటూ ఇటూగా ఇంతే ఉంటుంది. గాలిలో ఉండేది ముప్పావుగంటో, ఇంకో పది నిమిషాలో. టికెట్ మీద రాసేది గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరేదాకా పట్టే సమయం. దాన్ని విమానయాన పరిభాషలో బ్లాక్ టైమ్ అంటారు.

విశాఖ–సింగపూర్: 2,908 ÷ 830 అంటే మూడున్నర గంటలు, 40 నిమిషాలు కలిపితే 4 గంటల 10 నిమిషాలు.

పొట్టి ప్రయాణాలకు ఈ లెక్క దగ్గరగా వస్తుంది. దోహా–డల్లాస్ దగ్గరకొచ్చేసరికి తప్పుతుంది. 12,745ని 900తో భాగించి 40 నిమిషాలు కలిపితే 14 గంటల 50 నిమిషాలు. టికెట్ మీద 16 గంటలకు పైన ఉంటుంది. ఎక్కువమందికి అర్థం కానిది ఈ గంటన్నర. దీనికి కారణాలు రెండు: పైన చెప్పిన అదనపు దూరం ఒకటి, గాలి ఇంకొకటి.

భూమి మీద 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో, అంటే విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో కొన్నిచోట్ల గంటకు 200 కి.మీ. దాటుతుంది. అమెరికాకు పడమరగా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, అదే దారిలో వచ్చేటప్పుడు వెనుకగాలి. విమానం దాన్ని తప్పించుకుంటూ పోతుంది కాబట్టి దారి మొత్తం మీద సగటున గంటకు 40 కి.మీ. తేడా అని పెట్టుకుంటే లెక్క చాలావరకు కుదురుతుంది.

వెళ్లేటప్పుడు: దూరానికి నూటికి 4 కలిపితే 13,255 కి.మీ. వేగం 900 − 40 = 860. భాగిస్తే 15 గంటల 25 నిమిషాలు, 40 నిమిషాలు కలిపితే 16 గంటల 5 నిమిషాలు.

వచ్చేటప్పుడు: 13,255 ÷ 940 అంటే 14 గంటల 6 నిమిషాలు, 40 కలిపితే 14 గంటల 46 నిమిషాలు.

అదే విమానం, అదే దూరం, ఒక వైపుకు గంటా ఇరవై నిమిషాలు ఎక్కువ. వెళ్లిన సమయాన్నే రెట్టింపు చేసి రానూపోనూ లెక్కేయకూడదు అనడానికి ఇదే కారణం.

గాలికి ఎంత బలముందో చూడాలంటే ఎయిరిండియా చేసిన ఒక పని చెప్పుకోవాలి. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మొదట్లో అట్లాంటిక్ మీదుగా నడిపేవాళ్లు, దారి 13,900 కి.మీ. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తూర్పుకు తిప్పారు. దారి 15,300 కి.మీ. అయింది. 1,400 కి.మీ. ఎక్కువ తిరిగినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసి, పాత దారికన్నా సమయం తగ్గింది. దగ్గరి దారే తొందరి దారి అనుకోవడానికి వీల్లేదు.

మీ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం నంబరు కొట్టి, గత వారం రోజులు అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది చూడండి. వారంలో సగం రోజులు ముప్పావుగంట ఆలస్యంగా దిగుతుంటే తర్వాతి విమానాన్ని ఆ ముప్పావుగంట కలిపే చూసుకోవాలి.

6. గడియారాలన్నీ ఒకే గడియారంలోకి తెచ్చుకోండి

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయం. వేర్వేరు ఊళ్ల సమయాలను ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే అర్థం లేని జవాబు వస్తుంది. ఒక కాగితం తీసుకుని అన్నిటినీ భారత కాలమానంలోకి మార్చి రాయండి.

దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఏడాది పొడవునా అంతే. డల్లాస్ మాత్రం వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు.

ఉదాహరణకు వేసవిలో ఒక ప్రయాణం ఇలా ఉందనుకోండి:

ఆదివారం రాత్రి 9:30 విశాఖలో బయలుదేరి 10:45కి హైదరాబాద్.
సోమవారం తెల్లవారుజామున 4:00 హైదరాబాద్‌లో బయలుదేరి ఉదయం 6:00కి దోహా. మన కాలమానంలో 8:30.
ఉదయం 8:00 దోహాలో బయలుదేరడం. మన కాలమానంలో 10:30.
సోమవారం సాయంత్రం 4:15 డల్లాస్. మన కాలమానంలో మంగళవారం తెల్లవారుజామున 2:45.

ఇప్పుడు తీసివేయండి. ఆదివారం రాత్రి 9:30 నుంచి మంగళవారం 2:45 దాకా 29 గంటల 15 నిమిషాలు. సరిచూసుకోవడానికి ముక్కలు కూడండి: గంటా పావు, హైదరాబాద్‌లో ఐదుంపావు, దోహాకు నాలుగున్నర, దోహాలో రెండు, డల్లాస్‌కు పదహారుంపావు. అదే 29:15. రెండు విధాలా ఒకటే జవాబు రాకపోతే ఎక్కడో తేదీ మారిన చోట తప్పు జరిగినట్టు.

తిరుగు ప్రయాణంలో టికెట్ అసలు సమయంకన్నా ఎక్కువ చూపించి పొరబాటు పట్టిస్తుంది. సోమవారం సాయంత్రం 7:00కి డల్లాస్‌లో బయలుదేరి బుధవారం ఉదయం 7:15కి విశాఖ చేరితే చూడ్డానికి 36 గంటల పైన. అందులోంచి పదిన్నర తీసేస్తే 25 గంటల 45 నిమిషాలే.

మార్చిలో వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. విమానాల వేసవి టైంటేబుల్ మార్చి చివరి ఆదివారం మొదలవుతుంది, అమెరికా గడియారం మాత్రం రెండో ఆదివారమే మారిపోతుంది. ఈ మధ్యలోని రెండుమూడు వారాల్లో చూసిన సమయాలు ఏప్రిల్‌కు పనికిరావు. టికెట్ కొన్నాక కూడా సమయాలు గంట అటూ ఇటూ జరిగితే సంస్థ మెయిల్ పంపుతుంది. దాన్ని చదవకుండా వదిలేయకండి.

ఈ కాగితం ఒకటి తల్లిదండ్రుల చేతిసంచిలో పెట్టండి. మాత్రల వేళలు కూడా దాని మీదే భారత కాలమానంలో రాసి ఉంటే దారిలో గడియారాలు మారినా గందరగోళం ఉండదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ 29 గంటల పట్టికను ముందే డాక్టరుకు చూపించి, మోతాదులు ఎలా సర్దాలో రాయించుకోవాలి.

7. ఇంటి నుంచి ఇంటిదాకా లెక్క

ఇప్పటిదాకా చేసింది గేటు నుంచి గేటుకు. దీని ముందు రెండు గంటలు విమానాశ్రయంలో కావాలి. ఇంటి నుంచి ప్రయాణం వేరే. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరి విమానాశ్రయానికి ఎంవీపీ కాలనీ నుంచి సాయంత్రం వేళ ముప్పావుగంట పెట్టుకోండి. భోగాపురం అయితే విశాఖ నుంచి 45 కి.మీ. దాకా ఉంటుంది. గాజువాక, అనకాపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు నగరం దాటాకే ఆ దూరం మొదలవుతుందని చూసుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు అది దగ్గరవుతుంది. టికెట్ మీద విమానాశ్రయం పేరు చదివి బయలుదేరండి.

హైదరాబాద్‌లో దేశీయం నుంచి అంతర్జాతీయానికి మారడానికి ఒకే టికెట్ అయితే మూడు గంటలు, వేర్వేరు టికెట్లు అయితే ఐదు గంటలు ఉంటే మంచిది. తేడా ఎందుకంటే, ఒకే టికెట్ మీద మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే సంస్థే తర్వాతి దానిలో సీటు ఇస్తుంది. విడివిడిగా కొంటే విశాఖ విమానం ఆలస్యం దోహా విమానానికి సంబంధం లేని విషయం, కొత్త టికెట్ డబ్బు మీదే. సామాను కూడా హైదరాబాద్‌లో తీసుకుని మళ్లీ ఇవ్వాలి. దేశీయ టికెట్‌కు సాధారణంగా 15 కిలోలే ఉచితం, అమెరికా టికెట్‌కు చాలా సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. విడి టికెట్ల మీద పచ్చళ్ల జాడీలతో సహా 46 కిలోలు పట్టుకెళ్తే విశాఖ కౌంటర్లోనే 31 కిలోలకు అదనంగా కట్టించుకుంటారు. ఈ డబ్బు కలిపి చూస్తే విడి టికెట్లు చవకగా పడటం అరుదు.

ఒకే టికెట్ మీద వెళ్లేవాళ్లు విశాఖలో పెట్టెకు కట్టే చీటీ మీద చివరి ఊరి అక్షరాలు చూడండి. డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ అని ఉండాలి. హెచ్‌వైడీ అని మాత్రమే ఉంటే పెట్టె హైదరాబాద్‌లోనే ఆగిపోతుంది. అక్కడికక్కడే అడిగి మార్పించుకోండి.

తుఫాను నెలలైన అక్టోబరు, నవంబరుల్లో విశాఖ నుంచి, పొగమంచు నెలలైన డిసెంబరు, జనవరిలో ఢిల్లీ మీదుగా వెళ్లేటప్పుడు మధ్యలో ఇంకో రెండు గంటలు ఎక్కువ ఉండేలా చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖ టెర్మినల్ దెబ్బతిని కొన్ని రోజులు విమానాలే లేవు. అలాంటప్పుడు రైల్లో హైదరాబాద్ చేరుకోవడం గురించి ఆలోచించాల్సి వస్తుంది. అయితే ఒకే టికెట్‌లోని మొదటి విమానం ఎక్కకుండా నేరుగా హైదరాబాద్‌లో రెండో విమానం ఎక్కడానికి వెళ్తే మిగతా ప్రయాణమంతా రద్దయిపోతుంది. రైలెక్కే ముందే సంస్థకు ఫోన్ చేసి టికెట్ మార్పించుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లకూ అనుకోనివి జరుగుతాయి. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. ఇలాంటి రోజున కూడా ఒకే టికెట్ ఉన్నవాళ్లకు దారి చూపించాల్సింది సంస్థే.

డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ కలిపి గంటన్నర నుంచి రెండున్నర గంటలు పెట్టుకోండి. పైన చెప్పిన ఉదాహరణలో 4:15కి దిగితే కారు తెచ్చేవాళ్లను ఆరింటికి రమ్మంటే సరిపోతుంది. అక్కడి నుంచి ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో ఇంకో విమానం ఉంటే మధ్యలో మూడు గంటలకు తగ్గకుండా చూడండి. పెట్టె చీటీ మీద చివరి ఊరు రాసి ఉన్నా, అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టె బెల్ట్ మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, బయట ఉండే కౌంటర్లో మళ్లీ అప్పగించాలి. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే జరిగిపోతుంది కాబట్టి అక్కడ మూడు గంటలు ఉండేలా చూసుకోవాలి, అమెరికాలో గంటన్నర చాలు.